వేడెక్కిన భూమి – వీధిలోని నాటకం

వేసవికాలం వచ్చినదంటే ఆనాటి గరిష్ఠ ఉష్ణోగ్రతలు చదివి వినిపించడం మా ఉద్యోగధర్మాలలో ఒకటి. రెంటచింతలలో ఇంత, రామగుండంలో ఇంత అని మేము అంకెలు చదువుతాము. వినేవారు ఆ అంకె విని, అబ్బా అనుకొని, తరువాత రాబోయే పాటకోసం ఎదురుచూస్తారు. ఇందులో వారి దోషం ఏమీ లేదు. అంకెకు ముఖం లేదు, గొంతు లేదు. 2015వ సంవత్సరం మే, జూన్ నెలలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వడగాడ్పులకు రెండు వేలమందికి పైగా మరణించినారు. ఆ దినాలలో కూడా అంకెలు చదువబడుతూనే ఉన్నవి. జనం వింటూనే ఉన్నారు. మట్టిపనికి పోవలసినవారు మిట్టమధ్యాహ్నం పోతూనే ఉన్నారు.

మన భాషలో తెలియడం అన్న మాట ఉన్నది. తెలిసిరావడం అన్న మాట వేరుగా ఉన్నది. నిప్పు కాలుతుందని అందరికీ తెలియును. చేయి కాలినప్పుడు గాని అది తెలిసిరాదు. భూమి వేడెక్కుతున్నదన్న సంగతి నేడు చదువుకొన్న ప్రతి కుటుంబానికీ తెలిసినదే. అది తెలిసివచ్చినదా అన్నదే ప్రశ్న. ఈ రెంటి మధ్యగల దూరాన్ని నాటకంతో దాటించవచ్చునన్న ఆశతో గత పదేండ్లుగా అనేక దేశాలలో విద్యార్థులు, యువజనులు వాతావరణ మార్పును గూర్చి నాటకాలు ఆడుతున్నారు. పాఠశాల ఆవరణలలో, నదీతీరాలలో, బజారు కూడలులలో ఈ ప్రదర్శనలు జరుగుతున్నవి. దీనిని కొత్త వేడుకగా భావించేవారు ఉన్నారు. చదువు మాని వేషాలేమిటని విసుగుకొనే పెద్దలూ లేకపోలేదు. కాని, పడుచువారు లోకకార్యానికై వేషం కట్టడం మనకు కొత్త కాదు. దాని చరిత్ర కొంత స్మరించుకొంటే, ఈనాటి నాటకంవల్ల ఏమి కాగలదో, ఏమి కాజాలదో తేటపడగలదు.

మన నాటక చరిత్రలో ఆదిఘట్టమే విద్యార్థులతో ఆరంభమైనది. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తమ విద్యార్థులచేత నాటకాలు ఆడించినారు. వారి ‘వ్యవహార ధర్మబోధిని’ కోర్టు వ్యవహారాలలోని అక్రమాలను ఎండగట్టిన రచన. దానిలో పాత్రలు వాడుకభాషలో మాట్లాడతవి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. పంతులుగారు దూరదేశపు అన్యాయాన్ని రంగం మీదికి ఎక్కించలేదు. ఎవరి ముందు నాటకం ఆడినారో, ఆ పట్టణపు పెద్దల మధ్య నడిచే వ్యవహారాన్నే ఎక్కించినారు. ఈ సంగతి తిరిగి మన ప్రసంగంలోకి రాగలదు.

ప్రకృతి వైపరీత్యం నాటకవస్తువుగా దేశాన్ని కదిలించినది 1944లో. అంతకు రెండేండ్ల ముందు, 1942లో, వంగదేశపు మేదినీపూర్ తీరాన్ని గొప్ప తుపాను ముంచినది. మరుసటి ఏడు కరవు వచ్చినది. ఆ కరవులో సుమారు 30 లక్షలమంది నశించినారని అంచనా. 1943లో ఏర్పడిన భారత ప్రజా నాటక సంఘం వారు బిజన్ భట్టాచార్య రచించిన ‘నవాన్న’ నాటకాన్ని కలకత్తాలో ప్రదర్శించినారు. రచయితతో కలిసి శంభు మిత్ర దర్శకత్వం వహించినారు. నటులలో చాలమంది పడుచువారు. తరువాత మహానటిగా కీర్తి పొందిన తృప్తి మిత్రకు అప్పటికి ఇరువదేండ్లు నిండలేదు. ఆ నాటకంలో తుపాను వస్తుంది, వరద వస్తుంది. కాని ప్రేక్షకుడు ఇంటికి తీసుకొనిపోయేది తుపానును కాదు. గాలివాన పంటను కొట్టివేసినది. ధాన్యాన్ని దాచిపెట్టినది మాత్రం మనుష్యుడు. దైవికమని తలచినదానిలో మానుషమెంతో చూపినది కనుకనే ఆ నాటకం నిలిచినది. ఆ ఒరవడిలోనే మన ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలి వారు బుర్రకథను, నాటకాన్ని పల్లెపల్లెకు కొనిపోయినారు.

ఇక విజ్ఞానశాస్త్రం, అడవి, నాటకం – ఈ మూడూ ఒకచోట చేరిన కథకై మనం కేరళకు పోవాలి.

1962లో కోళిక్కోడులో కొందరు శాస్త్ర రచయితలు కూడి కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తును స్థాపించినారు. మాతృభాషలో శాస్త్రగ్రంథాలు వ్రాయడం వారి మొదటి ఆశయం. క్రమంగా వారికి ఒక సత్యం బోధపడినది: పుస్తకం చదవగలిగినవాని వద్దకే పుస్తకం పోతుంది. ఇంతలో సైలెంట్ వ్యాలీ వివాదం వచ్చినది. పాలక్కాడు జిల్లాలో కుంతీ నది ప్రవహించే ఆ అడవిలో 120 మెగావాట్ల విద్యుత్తుకై ఆనకట్ట కట్టాలని ప్రభుత్వం సంకల్పించినది. అందువల్ల సుమారు 830 హెక్టార్ల అడవి మునిగిపోతుంది. సింహపుతోక గల నల్లకోతులు మిగిలిన కొద్ది తావులలో అది ఒకటి. ఇటు చూస్తే మలబారు ప్రాంతానికి విద్యుత్తు కొరత ఉన్నమాటా నిజమే. కోతులు ముఖ్యమా, మనుష్యులు ముఖ్యమా అని అడిగేవారికి సమాధానం చెప్పడం సులభం కాదు. పరిషత్తువారు ఆవేశంతో సమాధానం చెప్పలేదు; 1979లో లెక్కలు కట్టి నివేదిక వెలువరించినారు. విద్యుత్తుకు వేరు మార్గాలేవో చూపినారు. తరువాత ఆ విషయాన్ని ఊరూరా చర్చకు పెట్టినారు.

ఈ వివాదం సాగుతున్న కాలంలోనే, 1980 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, వారి మొదటి శాస్త్ర కళాజాతా బయలుదేరినది. నవంబరు 7వ తేదీన ముగిసినది. ఆ తేదీ మేరీ క్యూరీ, సి. వి. రామన్‌గార్ల జన్మదినం. జాతా అంటే జట్టుగా సాగే యాత్ర. ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు కొందరు జట్టుగా కూడి ముందు కొన్నాళ్లు శిబిరంలో సాధన చేస్తారు. తరువాత ఊరూరా తిరుగుతూ రోజుకు అనేక తావులలో ఆడుతారు. తెర లేదు, దీపాలంకరణ లేదు. ఒక పాట, ఒక చిన్న నాటిక, మరల ఒక పాట. కేరళ దేశంలో జనానికి అలవాటైన జానపద ఫణుతులను తీసుకొని వాటిలో కొత్త విషయం నింపినారు. ఖర్చులకు చందాలు పోగుచేయడం గాక, ఆడిన ప్రతిచోటా పరిషత్తు పుస్తకాలు అమ్మే పద్ధతి పెట్టుకొన్నారు. నాటకం చూసినవాని చేతిలో ఒక పుస్తకం మిగులుతుంది. ఆతిథ్యమిచ్చిన ఊరిలో ఒక చిన్న సంఘం మిగులుతుంది. కళాజాతా గొప్పతనం ప్రదర్శనలోకంటె ఈ మిగులులో ఉన్నదని నా అభిప్రాయం.

1983లో సైలెంట్ వ్యాలీ ఆనకట్ట సంకల్పాన్ని విరమించినారు. 1984లో ఆ అడవి జాతీయోద్యానంగా ప్రకటితమైనది. ఇది నాటకాల విజయమంటే అతిశయోక్తి. శాస్త్రజ్ఞులు, కవులు, న్యాయవాదులు, పత్రికలవారు ఎందరో శ్రమించినారు. అయితే ఒక అడవిని గూర్చిన సాంకేతిక వివాదం సామాన్య కుటుంబాల సంభాషణలోకి రావడం అంతకుముందు మన దేశంలో అరుదు. అట్టి సంభాషణకు అలవాటుపడిన జనం మధ్య కళాజాతా నిలదొక్కుకొన్నది.

1987లో ఈ పద్ధతి అఖిలభారత రూపం ధరించినది. భారత్ జన విజ్ఞాన జాతా పేర దేశపు ఐదు దిక్కులనుండి ఐదు యాత్రలు బయలుదేరి భోపాలులో కలుసుకొన్నవి. భోపాలునే ఎన్నుకోవడానికి కారణం చెప్పనక్కరలేదు. 1984 డిసెంబరులో ఆ నగరంలో విషవాయువు వేలమంది ప్రాణాలు తీసినది. శాస్త్రం ఎవరి చేతిలో ఉన్నది, ఎవరికై ఉన్నదన్న ప్రశ్నకు అంతకంటె తగిన చోటు లేదు. మరుసటి ఏడు, 1988లో, మన రాష్ట్రంలో జన విజ్ఞాన వేదిక ఏర్పడినది.

ఇక నెల్లూరు కథ. ఇది మనవారికి తెలిసినదే అయినా, నాటకం దృష్టితో మరల చెప్పుకోదగినది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ‘అక్షరదీపం’ అనే పేర ఆరంభమైనది. రాత్రిబడికి రమ్మని ఇంటింటికీ పోయి అడిగితే, పగలంతా పొలంలో వంగి నాట్లు వేసి వచ్చిన స్త్రీ ఎందుకు వస్తుంది? అందువల్ల ముందు కళాజాతాలు పోయినవి. ఊరి పడుచువారే పాటలు పాడినారు, నాటికలు ఆడినారు. వేలిముద్ర వేసి మోసపోయిన కూలివాని కథ, భర్త సారాకు కూలిడబ్బు ధారపోస్తే పస్తులున్న ఇల్లాలి కథ – ఇట్టివి ఆ నాటికలకు వస్తువులు. తరువాత రాత్రిబడులు నడిచినవి. వాచకంలో ‘సీతమ్మ కథ’ అన్న పాఠం ఒకటి వచ్చినది. ఊరి స్త్రీలంతా ఒక్కటై సారా అంగడి మూయించిన కథ అది.

అక్షరాలు నేర్చుకోవలసిన పాఠాన్ని దూబగుంట స్త్రీలు ఆచరించవలసిన పాఠంగా చదువుకొన్నారు. ఈ కథ ఎక్కడిది, మన ఊరిలో ఎందుకు జరుగరాదని అడిగినారు. 1992లో తమ ఊరి సారా దుకాణం మూయించినారు. వర్ధినేని రోశమ్మగారి పేరు ఆ పోరాటంతో చరిత్రకెక్కినది. ఊరినుండి ఊరికి ఆ మాట పాకినది. సారా పాటలు ఆగిపోయినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది.

ఇందులో మనం నేర్వవలసినది ఏమిటి? నాటికలు వ్రాసినవారి లక్ష్యం అక్షరాస్యత. ప్రేక్షకులు దానినుండి గ్రహించినది వేరొకటి. వారి బాధ వారికి ముందే తెలియును. దానిని గూర్చి నలుగురిలో మాట్లాడే చోటు మాత్రం లేదు. కళాజాతా, రాత్రిబడి వారికి ఆ చోటు ఇచ్చినవి. మిగిలినది వారే చేసినారు. రెండవ సంగతి కూడా దాచరాదు. 1997లో మద్యనిషేధాన్ని సడలించినారు. రాత్రిబడుల ఉత్సాహమూ క్రమేణా సన్నగిల్లినది. నాటకం మేల్కొల్పగలదు గాని కాపలా కాయజాలదు.

ఇప్పుడు వర్తమానానికి వత్తాము. బొగ్గు, చమురు మండిస్తే గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువువల్ల భూమి వేడెక్కగలదని స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటె అర్హీనియస్ 1896లోనే గణించినాడు. 1958లో హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతంపై చార్లెస్ కీలింగ్ ఆ వాయువును కొలవడం ఆరంభించినప్పుడు, గాలిలో పదిలక్షల పాళ్లకు అది సుమారు 315 పాళ్లు. నేడు 420ని మించినది. పారిశ్రామిక యుగానికి పూర్వపు స్థితికంటె 2024వ సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర డిగ్రీ అధికమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది.

2015లో పారిస్ నగరంలో ప్రపంచ దేశాలు ఈ విషయమై సమావేశమైనవి. అదే ఏడు షాంతాల్ బిలోదో మొదలైన నలుగురు రంగస్థల రచయిత్రులు, నిర్వాహకులు కలిసి ‘క్లైమేట్ చేంజ్ థియేటర్ యాక్షన్’ అనే ప్రయత్నాన్ని ఆరంభించినారు. పద్ధతి సరళమైనది. నానాదేశాలకు చెందిన సుమారు 50 మంది రచయితలచేత ఐదేసి నిమిషాల నాటికలు వ్రాయిస్తారు. రెండేండ్లకొకసారి, ప్రపంచ సమావేశాలు జరిగే రోజులలో, ఎవరైనా సరే వాటిలో తమకు నచ్చినవి ఎన్నుకొని తమ ఊరిలో ఆడుకోవచ్చును. నాటకశాల అక్కరలేదు, తరగతి గది చాలును, చెట్టునీడ చాలును. ప్రదర్శనతోపాటు తమ ఊరికి పనికివచ్చే కార్యమేదైనా చేయాలని ప్రోత్సహిస్తారు. కళాశాలల వారు, పాఠశాలల వారు దీనిని ఆదరించినారు. 2018 ఆగస్టులో గ్రేటా థున్‌బెర్గ్ అనే పదిహేనేండ్ల బాలిక స్వీడన్ పార్లమెంటు ఎదుట కూర్చున్న తరువాత, 2019లో లక్షలాది విద్యార్థులు వీధులలోకి వచ్చిన తరువాత, యువజనుల నాటకాలకు ఊపు హెచ్చినది.

కాని ఈ వస్తువు నాటకానికి లొంగడం కష్టం. నాటకానికి విరోధి కావలెను. ఇక్కడ విరోధి ఎవడు? సారా నాటికలో సారా దుకాణదారు ఉన్నాడు, ‘నవాన్న’లో ధాన్యం దాచినవాడు ఉన్నాడు. వాతావరణ మార్పులో ఒక దేశపు పొగ మరొక దేశపు తీరాన్ని కోస్తుంది; తాతల పొగ మనుమలను కాలుస్తుంది. అందువల్ల పిల్లలు సామాన్యంగా ఏమి చేస్తారంటే, ఒకనికి గొడ్డలి ఇచ్చి దుష్టుణ్ణి చేస్తారు, ఆకులు కట్టుకొని నలుగురు చెట్లవుతారు. చివరకు దుష్టుడు పశ్చాత్తాపపడతాడు. అందరూ చప్పట్లు కొడతారు.

ఒక పాఠశాలలో ఇట్టి నాటికల పోటీకి నేను న్యాయనిర్ణేతగా పోయినాను. నాటిక చక్కగా ఉన్నది. మొదటి బహుమతి ఇచ్చినాము. బయటకు వస్తూ చూస్తే, ప్రహరీగోడ ప్రక్కనున్న వేపచెట్టును సగం వరకు కొట్టివేసినారు. ఆనాటి ఉత్సవానికి కట్టిన పెద్ద బొమ్మపలక వీధిలోనికి కనబడడానికట. నేను అటు చూడడం గమనించి, చెట్టు వేషం వేసిన బాలిక మెల్లగా దగ్గరకు వచ్చినది. “సార్, ఆ చెట్టు సంగతి కూడా నాటికలో పెడదామన్నాము. మాస్టారు వద్దన్నారు” అన్నది. ఏమి చెప్పాలో నాకు తోచలేదు. బాగా చేశావమ్మా అని ఏదో అని వచ్చివేసినాను. ఆ సమాధానం నాకు ఈనాటికీ సంతృప్తి కలిగించలేదు. ఆ పిల్లకు నాటకం అంటే ఏమిటో మాకందరికంటె బాగా తెలియును. వీరేశలింగం పంతులుగారు 1880లో చేసినది అదే గదా – ఎదుట కూర్చున్నవారి వ్యవహారాన్ని వారి ముందుంచడం.

దగ్గరి సత్యం చెప్పడానికి ధర చెల్లించవలసి ఉంటుంది. 1882లో నార్వే రచయిత ఇబ్సెన్ ‘ప్రజాశత్రువు’ నాటకంలో దీనినే చూపినాడు. ఊరికి ఆదాయం తెచ్చే స్నానఘట్టాల నీరు కలుషితమైనదని ఒక వైద్యుడు కనుగొంటాడు. మొదట అందరూ మెచ్చుకొంటారు. బాగుచేయడానికి అయ్యే ఖర్చు తెలిసిన తరువాత, నిండుసభలో ఆయననే ప్రజాశత్రువుగా తీర్మానిస్తారు. దానిలో గొడ్డలి పట్టిన దుష్టుడెవడూ లేడు. పన్ను కట్టవలసిన గృహస్థులు, వ్యాపారం పోగొట్టుకోగూడని వర్తకులు – అందరూ మనవంటివారే.

అయితే ప్రేక్షకుణ్ణే దోషిగా నిలబెడితే అతడు లేచి ఇంటికి పోతాడు. ఈ చిక్కుకు బ్రెజిల్ దేశపు నాటకప్రయోక్త అగస్టో బోయాల్ ఒక ఉపాయం కనిపెట్టినాడు. 1973లో, ప్రవాసంలో ఉండగా, ఆయన పెరూ దేశపు అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేసినాడు. నెల్లూరికీ పెరూకూ ఎంత పోలిక ఉన్నదో చూడండి. ఒక చదువురాని స్త్రీ తన భర్త దాచమన్న కాగితాలు ఇంటి పత్రాలని నమ్మి భద్రంగా దాచినది. తీరా చదివించుకొంటే అవి ఆయనకు వేరొక స్త్రీ వ్రాసిన ప్రేమలేఖలు! భర్త ఇంటికి రాగానే ఏమి చేయాలన్నది నాటకం. ప్రేక్షకులు చెప్పినట్లు నటులు ఆడుతున్నారు. ఒక ఆడమనిషి చెప్పినది మాత్రం ఎన్నిమారులు ఆడినా ఆమెకు సరిపడలేదు. చివరకు బోయాల్ ఆమెనే రంగం మీదికి రమ్మన్నాడు. ఆమె వచ్చి ఆ భర్త వేషధారికి దేహశుద్ధి చేసి, ఆ తరువాత అన్నం వడ్డించమన్నది! అక్కడినుండి ఫోరం నాటకం పుట్టినది. నాటిక ఒకమారు ఓటమితో ముగుస్తుంది. మరల మొదటినుండి ఆడుతారు. ఈసారి ప్రేక్షకులలో ఎవరైనా ఆగమని, రంగం మీదికి వచ్చి, నేనైతే ఇట్లా చేస్తానని ఆడి చూపవచ్చును. అది సాధ్యమా కాదా అని అందరూ తర్కిస్తారు. 1985లో వంగదేశంలో ఆరంభమైన జన సంస్కృతి సంస్థవారు సుందరవనాల పల్లెలలో ఈ పద్ధతిని పాదుకొల్పినారు.

వాతావరణ మార్పును గూర్చి ఆడదలచిన మన యువజనులకు ఇది తగిన మార్గమని నాకు తోస్తున్నది. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరాన్ని తీసుకోండి. ఏండ్ల తరబడి సముద్రం అక్కడి ఇండ్లను, రోడ్డును కోసుకొనిపోతున్నది. సముద్రమట్టం హెచ్చడమూ, తీరపు ఇసుక నడక మారడమూ కలిసి ఇట్టి కోతకు కారణమవుతవి. అక్కడ ఒక మత్స్యకార కుటుంబాన్ని రంగం మీద నిలబెట్టండి. తండ్రి కదలడు, పడవ ఇక్కడ ఉంటే నేనెక్కడికి పోనంటాడు. కోడలు బిడ్డను చూసుకొని పోదామంటుంది. ముసలమ్మ గోడ ఎప్పుడు కట్టిస్తారని అడుగుతుంది. వీరిలో తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. ఏమి చేయాలి? ఇదిగో, ఈ ప్రశ్న దగ్గర నాటకం ఆపి ఊరివారిని రమ్మనండి. ఎండదెబ్బ విషయమైనా అంతే. పని గంటలు తెల్లవారుజాముకు మార్చమని మేస్త్రీని కూలీ అడిగే ఘట్టం ఆడండి. మేస్త్రీ ఏమంటాడో, గుత్తేదారు ఏమంటాడో అక్కడ కూర్చున్నవారికే బాగా తెలియును. అంకె అప్పుడు మనిషి అవుతుంది.

మన పాఠశాలలలో, నాటక సమాజాలలో పోటీలు కొరతపడలేదు. ప్రదర్శన, బహుమతి ప్రదానం, వందన సమర్పణ – దీనితో విద్యుద్దీపాలు ఆరిపోతవి. కళాజాతాల చరిత్ర చెప్పేది మరొకటి: నాటకానికి ఇరవై నిమిషాలు పడితే, తరువాతి మాటలకు నలభై నిమిషాలు విడిచిపెట్టాలి. ఆ నలభై నిమిషాలలోనే తెలిసినది తెలిసివస్తుంది. ఆ సమయంలో పిల్లలు వేపచెట్టు సంగతి ఎత్తితే, మాస్టారు, కార్యదర్శి, న్యాయనిర్ణేత – అందరమూ కూర్చుండి వినాలి.

ఈ ఏడు మీ ఇంటి పిల్లలెవరైనా ఇట్టి నాటికలో వేషం వేస్తామంటే కాదనకండి. పోయి చూడండి. చూసి, చప్పట్లు కొట్టి లేచి రాక, ఒక ప్రశ్న అడగండి. మేము సాయంకాలం ఉష్ణోగ్రతలు చదువుతూనే ఉంటాము.